నిశ్శబ్దంగా ఉండే రాత్రి, ఇంట్లో ముగ్గురం: ఏ సినిమా పెట్టుకోమంటారు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. శనివారం రాత్రికి ఒక మంచి సినిమా కావాలి. ఆ రాత్రి ఇంట్లో ఉండేది నేను, మావయ్యగారు, నాలుగో తరగతి చదివే మా పాప. మా ఆయనకి నైట్ డ్యూటీ. మావయ్యగారికి కుడి చెవి సరిగా వినపడదు. పాప చదివేది ఒడియా మీడియంలో. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. కాబట్టి తెరమీద కింద తెలుగు అక్షరాలు వేసినా దానికి ఉపయోగం లేదు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ అందుకునే వయసు కాదు. గోడ అవతల ఇంకో కుటుంబం ఉంది, వాళ్లకి పసిబిడ్డ. సౌండ్ పెంచలేను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా అత్తయ్యగారు పోయి ఇంకా ఏడాది కాలేదు. అప్పటినుంచి మావయ్యగారు టీవీ ముందు కూర్చోవడమే మానేశారు. మొన్న తనంతట తనే "ఏదైనా మంచి సినిమా ఉంటే పెట్టమ్మా" అన్నారు. అందుకే ఇంతగా ఆలోచిస్తున్నాను. కొట్లాటలు, కేకలు వద్దు. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ ఉన్నాయి. యూట్యూబ్ ఎలాగూ ఉంది.

కాగితం మిల్లు (రాయగడ)

అక్కా, ఆలోచించకుండా కేరాఫ్ కంచరపాలెం పెట్టెయ్యండి. 2018లో వచ్చింది, వెంకటేశ్ మహా తీశారు. విశాఖలో ఆ పేట మనుషులనే తీసుకొచ్చి నటింపజేశారు. నటిస్తున్నట్టే ఉండదు, పక్క వీధిలో మాటలు వింటున్నట్టు ఉంటుంది. మన ఉత్తరాంధ్ర యాస. పైగా మనవాళ్లకి దగ్గరయ్యే విషయం ఇంకోటుంది. పెళ్లి కాని అటెండరు రాజు ఆఫీసుకి బదిలీ మీద వచ్చే అధికారి రాధ ఒడిశా ఆవిడే. యాభైకి దగ్గర పడ్డ మనిషికి ఒక తోడు దొరకడం అంత మర్యాదగా చూపించిన తెలుగు సినిమా నాకు ఇంకోటి తెలీదు.

గుణుపురం బండి (గుణుపురం)

సినిమా గొప్పదే, కానీ నాలుగో తరగతి పాప పక్కన కూర్చుని చూసేది కాదు తమ్ముడూ. అందులో సలీమా కథ ఉంది, చిన్న పిల్లాడు సుందరం ఇంట్లో జరిగేది ఉంది. పాప అడిగే ప్రశ్నలకి రాత్రి తొమ్మిదింటికి జవాబు చెప్పడం తల్లికి ఇబ్బంది. మహేంద్రతనయ గారూ, పాప పడుకున్నాక మీరొక్కరే చూడ్డానికి దాన్ని దాచుకోండి.

పలాస 1978 పేరు కూడా ఎవరో ఒకరు చెప్తారు, మన శ్రీకాకుళం కథ కదా అని. ముందే చెప్తున్నాను, అందులో నెత్తురు ఎక్కువ. కులం గురించి చెప్పాల్సింది చెప్పిన సినిమా, నాకు దానిమీద గౌరవం ఉంది. కానీ మీరడిగిన రాత్రికి అది పనికిరాదు.

గోపాల్‌పూర్ కెరటం (బరంపురం)

అమ్మా, నా మాట వినండి. మిస్సమ్మ పెట్టండి.

1955లో వచ్చింది, ఎల్వీ ప్రసాద్ దర్శకత్వం, విజయా వారిది. ఉద్యోగాల్లేని ఇద్దరు పట్టభద్రులు. జమీందారు గారి బడిలో పంతుళ్ల ఉద్యోగాలున్నాయి, కానీ భార్యాభర్తలకే ఇస్తారట. సరే అని ఇద్దరూ దంపతులమని చెప్పుకుని ఆ ఊరికి వెళ్తారు. ఎన్టీఆర్, సావిత్రి. జమీందారుగా ఎస్వీ రంగారావు, ఆయన భార్యగా ఋష్యేంద్రమణి. నాగేశ్వరరావు అమాయకపు డిటెక్టివ్. జమున పాట, నాట్యం నేర్చుకునే చిన్నమ్మాయి. ఇంతమంది మహామహులున్నా ఎవరూ ఎవరినీ తొక్కరు.

మీ మావయ్యగారికి ఇదెందుకంటే, అప్పు పేరు చెప్పి వెంటపడే డేవిడ్ ఒక్కడు తప్ప ఇందులో చెడ్డవాళ్లు లేరు, వాడూ నవ్వించేవాడే. అపార్థాలుంటాయి, అలకలుంటాయి, భయపెట్టే దుర్మార్గం ఉండదు. మనసు బరువుగా ఉన్న మనిషికి కథలో విలన్ ఎప్పుడేం చేస్తాడోనన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. సావిత్రి కోపాన్ని చూడండి. గొంతు పెంచదు, చేతిలో పని ఆపి ఒక్కసారి చూస్తుంది, అంతే. ఎదుటివాడు మాట మింగేస్తాడు. మొదట ఈ పాత్రకి భానుమతి గారిని అనుకున్నారు. ఆవిడ తప్పుకున్నాక సావిత్రికి వచ్చింది. ఇప్పుడు ఆ పాత్రలో ఇంకొకరిని ఊహించగలమా?

ఇక జమీందారు దంపతుల మాట. వాళ్లు ఎప్పుడో చిన్నప్పుడు తప్పిపోయిన పెద్ద కూతుర్ని తలుచుకుంటూ ఉంటారు. ఆ బాధని ఎక్కడా రాగం తీసి చూపించరు. వచ్చినవాళ్లని సొంత పిల్లల్లా చూసుకుంటారు, అంతే. ఇంట్లో ఒక మనిషి లేని లోటు అందులో ఉంది, దాంతోపాటే బోలెడంత నవ్వు కూడా ఉంది. మీ ఇంట్లో ఇప్పుడు కావాల్సింది అదేనని నాకనిపిస్తోంది.

దేవమాలి (కొరాపుట్)

కెరటం బాబాయ్ మాటకి నా ఓటు. దానికి ఇంకో మాట కలుపుతాను. మిస్సమ్మకి సంగీతం సాలూరి రాజేశ్వరరావు గారు. ఆయన పుట్టింది సాలూరు దగ్గర శివరామపురం. మా కొరాపుట్ నుంచి సుంకి ఘాటీ దిగితే తగిలే పెద్ద ఊరు సాలూరే. మా ఇంట్లో ఆ పాటలు వస్తే మా నాన్న "మన కొండ కింద మనిషి" అంటారు. ఆ పాటల్లో వాయిద్యాలు గాయకుడి గొంతు మీద ఎక్కి కూర్చోవు. తక్కువ సౌండ్‌లో పెట్టినా ప్రతి మాటా అందుతుంది.

పాప కోసం ఇంకో పేరు: సినిమా బండి. నెట్‌ఫ్లిక్స్‌లో 2021లో వచ్చింది. ఆటో నడిపే అతనికి ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరా దొరుకుతుంది. దాంతో ఊరంతా కలిసి ఓ సినిమా తీయాలనుకుంటారు. నిడివి తక్కువ, గంటన్నర పైచిలుకు. అందులో తెలుగు మనది కాదు, కర్ణాటక సరిహద్దు వైపుది. మా పిల్లలు మొదటి పది నిమిషాలు తికమకపడ్డారు, తర్వాత ఆ మాటలు పట్టేసి వాళ్లలాగే మాట్లాడటం మొదలెట్టారు. మన పిల్లలు బడిలో ఒడియా, టీవీలో హిందీ వింటూ పెరుగుతున్నారు. తెలుగంటే ఇంట్లో అమ్మ మాట్లాడేదొక్కటే అనుకుంటారు. గుంటూరు తెలుగు, సిరిసిల్ల తెలుగు, కోలారు వైపు తెలుగు చెవిన పడటం వాళ్లకి చాలా మంచిది. నేను సినిమా ఎంచుకునేటప్పుడు ఇది బాగా చూస్తాను.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)

అక్కా, నేను వేరేగా చెప్తాను, మరోలా అనుకోవద్దు. బలగం చూడండి. 2023లో వచ్చింది, వేణు యెల్దండి తీసిన మొదటి సినిమా. ప్రైమ్‌లో చూశాం మేము. ఊళ్లో పెద్దాయన కొమురయ్య పోతాడు. పిండం పెడితే కాకి ముట్టదు. ఇంట్లోవాళ్ల మధ్య పాత పంచాయితీలన్నీ ఆ పది రోజుల్లో బయటకొస్తాయి. మా సిరొంచలో మాట్లాడే తెలుగుకి చాలా దగ్గర. మాది మహారాష్ట్ర అయినా నదికి అవతల కాళేశ్వరం, మాటా తిండీ అంతా అటువైపుదే.

నల్లబంగారం (బల్లార్‌పూర్)

ఏడాది తిరగని ఇంట్లో బలగమా? తమ్ముడూ, ఆ పెద్దాయన ఇప్పుడిప్పుడే టీవీ ముందుకి వస్తానన్నారు. చావుతో మొదలై కర్మకాండతో ముగిసే సినిమా పెట్టి ఆయన్ని మళ్లీ గదిలోకి పంపిస్తారా? మహేంద్రతనయ గారూ, దయచేసి వద్దు.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)

అన్నా, మీ భయం నాకు అర్థమైంది. నేను ఊరికే చెప్పలేదు. మా బాపు పోయినాక మా ఇంట్లో ఎవరూ ఆయన పేరు ఎత్తేవాళ్లు కాదు. అవ్వ ముందు ఎత్తితే ఏడుస్తుందని మేము, మా ముందు ఎత్తితే మేము ఏడుస్తామని అవ్వ. ఇలా అందరం నోరు మూసుకుని తిరిగాం. ఓ రాత్రి మా చెల్లె బలగం పెట్టింది. చివర్లో బుడగ జంగాల కళాకారులు పోయిన మనిషి మాటగా పాట అందుకుంటారు. ఒక్కొక్క బిడ్డ పేరూ తీసి, తను ఎవరిని ఎట్లా చూసుకున్నాడో చెప్పుకొస్తారు. అక్కడ అవ్వ ఏడ్చింది, మేమందరం ఏడ్చాం. ఆ తర్వాత టీవీ ఆపేసి, బాపు ఎడ్లకి ఏమేం పేర్లు పెట్టేవాడో, ఎవరితో ఎప్పుడు కొట్లాడిండో అవ్వ చెప్తూ పోయింది. చాలా రాత్రి దాకా కూర్చున్నాం. తెల్లారినాక ఇంట్లో గాలి తేలికైంది.

ఆ సినిమాని తెలంగాణలో ఊళ్లకి ఊళ్లే తెరలు కట్టుకుని కలిసి చూశాయంటే కారణం ఇదేనని నేననుకుంటాను. ఏడిపించే సినిమా అని పక్కన పెట్టేస్తే ఏడ్చుకునే వీలు కూడా లేకుండా పోతుంది.

నల్లబంగారం (బల్లార్‌పూర్)

మీ ఇంట్లో జరిగింది చదివి మనసు ఎట్లాగో అయింది తమ్ముడూ. మీ మాటలో నిజముంది. అయినా ఒక తేడా ఉంది. మీ అవ్వ పక్కన ఆ రాత్రి కన్నబిడ్డలంతా ఉన్నారు. ఇక్కడ కోడలు, చిన్న పాప మాత్రమే. కొడుకు డ్యూటీలో. మావగారు కోడలి ముందు కంటతడి పెట్టుకోవడానికి సంకోచిస్తారు. లోపల దిగమింగుకుని కూర్చుంటే అది ఇంకా బరువు. కొడుకు, కూతుళ్లు అందరూ వచ్చిన రోజున పెట్టుకోమనండి.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)

అది ఒప్పుకుంటాను అన్నా. ఎవరు పక్కన ఉన్నారన్నది ముఖ్యమే. అక్కా, ఏడాది మాసికానికి అందరూ కలుస్తారు కదా, అప్పటికి ఉంచుకోండి.

శనివారానికైతే గోదావరి చూడండి. శేఖర్ కమ్ముల సినిమా, 2006. రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా లాంచీ ప్రయాణం. మా దగ్గర ప్రాణహిత కలిసే గోదావరి దిగువన ఎలా విశాలమవుతుందో చూస్తుంటే కడుపు నిండుతుంది. బెలూన్లు అమ్మే పిల్లాడు, వాడితోపాటు ఒక కుక్క. ఆ కుక్క మనసులో మాట కూడా మనకి వినిపిస్తుంది. పాప దాన్ని వదలదు చూడండి.

ధర్మాబాద్ మిర్చి (నాందేడ్ జిల్లా)

మా వైపు చదివేవాళ్ల కోసం రెండు మాటలు. మరాఠీ వచ్చిన తెలుగు ఇళ్లల్లో ఇలాంటి రాత్రికి హరిశ్చంద్రాచి ఫ్యాక్టరీ బాగుంటుంది. 2009, పరేశ్ మొకాశీ. దాదాసాహెబ్ ఫాల్కే 1913లో రాజా హరిశ్చంద్ర విడుదల చేయడానికి పడ్డ పాట్లు. కష్టాల కథే అయినా చూస్తున్నంతసేపూ ముఖం మీద నవ్వు ఉంటుంది. భార్య, పిల్లలు, ఇంటి సామాను అన్నీ సినిమా పనిలోకి వచ్చేస్తాయి.

సైరాట్ మాత్రం రాత్రిపూట ఒంటరిగా వద్దు. నాగ్‌రాజ్ మంజుళే, 2016. ఆ జంట పారిపోయి చేరేది హైదరాబాదుకే. చుట్టూ తెలుగు వినిపిస్తుంటే భాష తెలియక ఆ అమ్మాయి బిక్కమొహం వేసుకుని నిలబడుతుంది. మనం రోజూ రెండు భాషల మధ్య బతికేవాళ్లం కదా, ఆ భాగం నన్ను పట్టుకుని వదల్లేదు. కానీ ముగింపు చూశాక నిద్ర పట్టదు. పగలు చూడండి, పక్కన మాట్లాడుకోవడానికి ఒకరు ఉండగా చూడండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. ప్రాణహిత తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా ఇంట్లో కూడా అత్తయ్యగారి పేరు ఎత్తడానికి అందరం జంకుతున్నాం. మీ మాట గుర్తుంచుకుంటాను.

ఒక సందేహం. కొత్త సినిమా ఏది పెట్టినా మాటలు వినపడవు, పాటో ఫైటో వస్తే ఇల్లు అదిరిపోతుంది. రిమోట్ చేతిలో పట్టుకుని పెంచడం, తగ్గించడం సరిపోతోంది. టీవీ పాడైందా?

గుణుపురం బండి (గుణుపురం)

టీవీ బాగానే ఉంది అక్కా. నేను సౌండ్ సిస్టమ్స్ బిగించే పని చేస్తాను, వివరంగా చెప్తాను.

ఇప్పటి సినిమాల్ని థియేటర్ కోసం 5.1 అని, అంటే చుట్టూ ఉండే ఆరు స్పీకర్లకి విడదీసి, కలుపుతారు. మనుషుల మాట ఎక్కువగా తెర మధ్యలో ఉండే స్పీకర్ నుంచి వస్తుంది. సంగీతం, మోతలు మిగతా స్పీకర్లలో పంచుతారు. మన ఇంట్లో టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లు. అన్నీ వాటిలోకి కుక్కేసరికి మాట మెత్తబడుతుంది, మోత అలాగే ఉంటుంది. సినిమా నడుస్తుండగా ఆడియో ఆప్షన్లలోకి వెళ్లి చూడండి. 5.1తో పాటు మామూలు స్టీరియో కూడా ఉంటే అదే పెట్టుకోండి. తర్వాత టీవీ సౌండ్ సెట్టింగుల్లో నైట్ మోడ్ అనో, క్లియర్ వాయిస్ అనో, ఆటో వాల్యూమ్ అనో ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది. దాన్ని ఆన్ చేస్తే పెద్ద మోత తగ్గి చిన్న మాట పైకి వస్తుంది.

మిస్సమ్మ లాంటి పాత సినిమాలకి ఈ గొడవే లేదు. అప్పట్లో మోనో, అంతా ఒకే ట్రాక్. మాటకే ముందు చోటు ఇచ్చి రికార్డు చేసేవారు. నటులు కూడా నాటకాల నుంచి వచ్చినవాళ్లు, చివరి అక్షరం దాకా పలికేవారు. యూట్యూబ్‌లో ఒకే సినిమా నాలుగైదు చోట్ల ఉంటుంది. ఒక్కో దాంట్లో ఒక నిమిషం విని, గరగర తక్కువున్నది ఎంచుకోండి. హక్కులున్న కంపెనీ ఛానెల్లో పెట్టింది సాధారణంగా శుభ్రంగా ఉంటుంది.

మావయ్యగారి కుర్చీ టీవీకి ఎదురుగా కాకుండా, ఎడమ చెవి టీవీ వైపు ఉండేలా కాస్త తిప్పి వేయండి. ఇంట్లో చిన్న స్పీకర్ ఉంటే వైరుతో కలిపి ఆయన పక్కన స్టూలు మీద పెట్టండి. బ్లూటూత్ అయితే ఒక్కోసారి పెదాలకీ మాటకీ పొంతన కుదరదు. స్పీకర్ దగ్గరుంటే సౌండ్ సగానికి తగ్గించినా ఆయనకి చాలు, గోడ అవతల బిడ్డ లేవదు.

కాగితం మిల్లు (రాయగడ)

నెట్ సంగతి కూడా చూసుకోండి అక్కా. మొబైల్ హాట్‌స్పాట్ మీద టీవీ నడిపేవాళ్లకి హెచ్‌డీ‌లో గంటకి 3 జీబీ దాకా లాగేస్తుంది. రోజుకి 2 జీబీ ప్లాన్ అయితే కథ సగంలో ఆగిపోతుంది. క్వాలిటీ తగ్గించి పెట్టుకోండి. బ్లాక్ అండ్ వైట్ సినిమాకి పెద్ద తేడా కూడా తెలీదు. వానాకాలం మా కొండల్లో లైను ఎప్పుడు పోతుందో చెప్పలేం, అందుకే నేను పగలే ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి ఉంచుకుంటాను.

దేవమాలి (కొరాపుట్)

ఒక మాట మర్చిపోయాను. సినిమా తెలుగులోనే ఉండాలని పట్టు లేకపోతే దమన్ చూడండి. 2022 ఒడియా సినిమా, బాబూషాన్ హీరో. మల్కన్‌గిరి జిల్లాలో బలిమెల జలాశయం మూలంగా బయటి ప్రపంచానికి దూరమైపోయిన కట్ ఆఫ్ ఏరియాకి ఒక కుర్ర డాక్టరు వెళ్తాడు, అక్కడ మలేరియాతో పోరాడతాడు. 2018లో గురుప్రియ వంతెన వచ్చేదాకా ఆ 151 ఊళ్లవాళ్లు పడవ మీదే రాకపోకలు సాగించారు. మా పక్క జిల్లా కథ. దోమతెరల్ని జనం చేపలు పట్టడానికి వాడుకోవడం, డాక్టరు మొదట విసుక్కోవడం, తర్వాత వాళ్ల కష్టం అర్థం చేసుకోవడం, అదంతా నిజాయితీగా తీశారు. పాపకి ఒడియా బడిభాష కాబట్టి అర్థమవుతుంది. తాతగారికి అందని చోట అదే చెప్తుంది. పిల్ల పెద్దవాళ్లకి కథ చెప్పే అవకాశం ఎప్పుడో గాని రాదు. అయితే కొన్ని చోట్ల జబ్బు, మరణం ఉన్నాయి. ఈ శనివారానికి కాదు, ఇంకెప్పుడైనా.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

నిన్న రాత్రి మిస్సమ్మ చూశాం. కుర్చీ తిప్పి వేశాను, స్పీకర్ స్టూలు మీద పెట్టాను. మావయ్యగారు ఒక్కసారి కూడా "ఏమన్నాడు?" అని అడగలేదు. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలమని చెప్పుకోవడం పాపకి భలే నచ్చింది. "ఇప్పుడు దొరికిపోతారు, ఇప్పుడు దొరికిపోతారు" అంటూ తాతయ్య చెయ్యి పట్టుకునే కూర్చుంది. ఎస్వీ రంగారావు, ఋష్యేంద్రమణి ఇద్దరూ కనపడే చోట మావయ్యగారు "మీ అత్త కూడా ఇలాగే ఊళ్లోవాళ్లందర్నీ కూర్చోబెట్టి అన్నం పెట్టేది" అన్నారు. ఇన్ని నెలల్లో ఆవిడ మాట ఆయన నోట రావడం అదే మొదలు. నేను "అవును మావయ్యా, పనసకాయ కూర వండిన రోజైతే చెప్పక్కర్లేదు" అన్నాను. కాసేపు సినిమా ఆపి ఆ కబుర్లే చెప్పుకున్నాం.

పొద్దున్నే అడిగారు, రంగారావుది ఇంకోటి ఏదైనా ఉందా అని. వచ్చే శనివారానికి చెప్పండి.

గోపాల్‌పూర్ కెరటం (బరంపురం)

చాలా సంతోషం అమ్మా. ఇంకేముంది, మాయాబజార్! 1957, కేవీ రెడ్డి. ఘటోత్కచుడిగా రంగారావు గారు. ఆయన వివాహ భోజనం ముందు కూర్చునే ఘట్టం కోసం పాప వెనక్కి తిప్పి తిప్పి పెట్టమంటుంది. మహాభారతంలోని మనుషుల కథ అయినా పాండవులు తెరమీదకే రారు. చూసేముందు ఈ సంగతి పాపకి చెప్పి, కనిపెట్టమనండి. రంగులు వేసిన ప్రతి 2010లో వచ్చింది. పాపకి రంగులది నచ్చవచ్చు, కానీ మావయ్యగారు మొదట చూసినది నలుపు తెలుపే అయ్యుంటుంది, ఆయన్నే అడిగి పెట్టండి. మార్కస్ బార్‌ట్‌లే కెమెరాతో పట్టిన వెన్నెల నాకైతే నలుపు తెలుపులోనే నిండుగా ఉంటుంది.

నర్తనశాల కూడా ఉంది, 1963. అందులో ఆయన కీచకుడు. నటన అద్భుతం, కానీ పాపకి భయం వేయవచ్చు, అది తర్వాత చూసుకోండి.

మాయాబజార్ నిడివి మూడు గంటలు. ఎనిమిదికల్లా భోజనాలు కానిచ్చి మొదలుపెట్టండి, లేకపోతే పాప పెళ్లి విందు రాకముందే నిద్రపోతుంది.